చిల్లు లేని డ్రమ్ము

బీరంగూడ దాటాక, కంకర రోడ్డు చివర రాంచందర్ సేటు డ్రమ్ముల గోదాం ఉంది. అక్కడ సేటు మాటకన్నా ముత్యమ్మ ముక్కుకే విలువ ఎక్కువ. చుట్టుపక్కల మందుల ఫ్యాక్టరీల్లో రసాయనాలు ఖాళీ అయిన పెద్ద నీలం డ్రమ్ములు లారీల్లో ఆ గోదాముకు వస్తాయి. ఆడవాళ్లు వాటిని బట్టల సోడా కలిపిన నీళ్లతో కడిగి, చింతపండుతో రుద్ది, బూడిదతో తోమి ఎండలో బోర్లిస్తారు. ఆఖరున ముత్యమ్మ వస్తుంది. కొంగు నడుముకు చుట్టి, డ్రమ్ములోకి భుజాల దాకా దూరి, గట్టిగా ఊపిరి పీల్చి, బయటికి వచ్చి తీర్పు చెబుతుంది. "మంచిగున్నది" అందంటే ఆ డ్రమ్ము తాగే నీళ్లకు పోతుంది. "లే, ఇంక వాసన కొడ్తున్నది" అందంటే మళ్లీ సోడా, మళ్లీ చింతపండు.

వాసన పోతే విషం పోయినట్టే. గోదాములో అందరికీ తెలిసిన శాస్త్రం ఇదొక్కటే. ముత్యమ్మ తాను ఒప్పుకున్న డ్రమ్ముకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టేది, గంగమ్మ నిలిచే పాత్ర కదా అని. పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు డ్రమ్ములు కొనడానికి వచ్చినవాళ్లు ముందు ఆ బొట్టు ఉందా అని చూసేవాళ్లు. సర్కారు ముద్రకు కూడా అంత మర్యాద దొరకదు. బొట్టు పెట్టేటప్పుడు ముత్యమ్మ మొహం చూడాలి, కలెక్టరు సంతకం పెడుతున్నంత బింకం! భర్త జంగయ్య పోయాక ఆ ముక్కే ఆమెకు కూడు పెట్టింది, నలుగురిలో తలెత్తుకునేలా చేసింది.

ఈ మధ్య ఆమె నోట "లే" అన్న మాట రావడం తగ్గిపోయింది. ఏ డ్రమ్ములో దూరినా శుభ్రమే. తన కింది ఆడవాళ్లకు కడగడం బాగా నేర్పానని, ఇన్నాళ్లకు వాళ్ల చేయి తిరిగిందని ఆమె మురిసిపోయింది. మళ్లీ కడిగించే బాధ తప్పింది కాబట్టి సేటు కూడా మురిసిపోయాడు. ఒకరోజు కూతురు ధనలక్ష్మి చూడటానికి వచ్చి, గుమ్మంలోనే ఆగి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏందమ్మా, పప్పు మాడి బొగ్గయితుంటే పక్కన్నే కూసున్నవ్?"

"నీతోని ముచ్చట్ల పడ్డ బిడ్డా" అంది ముత్యమ్మ. అప్పటికి ధనలక్ష్మి ఇంకా లోపలికి అడుగే పెట్టలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకు డ్రమ్ములు పంపే ఫ్యాక్టరీవాళ్లు గోదాం ఆడవాళ్లకు ఉచిత వైద్య శిబిరం పెట్టారు. తెల్లకోటు డాక్టరు చిన్న సీసా మూత తీసి ముత్యమ్మ ముక్కు కింద పెట్టి, ఏమైనా తెలుస్తోందా అని అడిగాడు. "ఏం లేదు సార్, సాఫ్ ఉన్నది" అంది ఆమె, డ్రమ్ముకు తీర్పు చెప్పినట్టే. డాక్టరు ఆమె వంక తేరిపార చూసి, పక్కనే నిలబడ్డ ఫ్యాక్టరీ అధికారి సూర్యారావుతో ఇంగ్లీషులో ఏదో అన్నాడు. సూర్యారావు తలూపాడు. ముత్యమ్మ దోసిట్లో ఎర్ర బిళ్లలు పోసి పంపించారు. ఆ ఇంగ్లీషు ముక్కేదో తెలుగులో ఆమెకు చెప్పి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

ధనలక్ష్మి, ఆమె మొగుడు కిష్టారెడ్డిపేటలో ఒక అపార్ట్‌మెంటుకు కాపలా ఉంటారు. కింద సెల్లార్లో ఒక్క గది. ట్యాంకరు వచ్చినప్పుడు నీళ్లు పట్టిపెట్టుకోవాలి. కూతురు అడగకముందే ముత్యమ్మ, లారీలోంచి దిగిన వాటిలో గీత కూడా పడని డ్రమ్మును ఏరి పక్కన పెట్టింది. ఇంకెవరినీ ముట్టుకోనివ్వకుండా తనే కడిగింది, తనే ఎండబెట్టింది, తనే దూరి వాసన చూసింది. పసుపు, కుంకుమ మిగతావాటికన్నా కాస్త ఎక్కువే పెట్టింది. ఆటోలో కూతురింటికి తీసుకుపోయి, నీళ్లు నిండాక మొదటి గ్లాసు తన చేత్తో ముంచి నాలుగేళ్ల మనవరాలు తనుశ్రీ నోటికి అందించింది.

పిల్ల మొహం చిట్లించింది. "అమ్మమ్మా, కంపు."

"కొత్త డ్రమ్ము గట్లనే ఉంటది, తాగు బంగారం" అని ముత్యమ్మ గ్లాసు వంచింది.

ధనలక్ష్మికీ ఏదో తగిలింది. కానీ అది తల్లి బొట్టు పెట్టిన డ్రమ్ము. ఊరంతా నమ్మిన ముక్కును కన్నకూతురు ఎలా కాదంటుంది? ఒకటి రెండు రోజుల్లో పోతుందిలే అనుకుని ఊరుకుంది.

కొన్నాళ్లకు పిల్ల పెదాలు నీలంగా మారాయి. అది నేరేడు పండ్ల కాలం. ఎక్కడో ఏరుకుని తిన్నదనుకుని ధనలక్ష్మి కసిరి, నోరు కడిగింది. కడిగింది కూడా ఆ డ్రమ్ము నీళ్లతోనే. గోళ్లు సైతం నీలమయ్యాక ఎత్తుకుని ఆస్పత్రికి పరుగెత్తారు. పిల్లను అద్దం అవతల పడుకోబెట్టి, స్పిరిట్ వాసన కొట్టే వరండాలో తల్లిని కూర్చోబెట్టారు. పిల్లను గుడ్డలో చుట్టి తెచ్చి ఇచ్చేదాకా ధనలక్ష్మి ఆ వాసనలోనే కూర్చుంది. నీళ్లలో విషం ఉందన్నారు డాక్టర్లు. ఏ విషం, ఏ ఫ్యాక్టరీది అంటే చెప్పేవాళ్లు లేరు. ఫ్యాక్టరీ గేటు దాటకముందే డ్రమ్ము మీది పేరు కాగితం గీకేస్తారు. దాని మీద మిగిలిన గుర్తల్లా ముత్యమ్మ పెట్టిన బొట్టే.

దినం నాడు ముత్యమ్మ కూతురికి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ధనలక్ష్మి గ్లాసు అందుకుని, అందరూ చూస్తుండగా, మెల్లగా నేల మీద పారబోసింది. అప్పటి నుంచి ఆమె తల్లి చేతి నీళ్లు ముట్టలేదు, అమ్మా అని పిలవలేదు. తిట్టినా బాగుండు, కొట్టినా బాగుండు అని ముత్యమ్మ గోడకు తల బాదుకుంది. చచ్చేలోపు కూతురు తన చేతి నీళ్లు ఒక్క గుక్క తాగాలి. అంతకు మించి ఈ లోకంలో ఆమెకు కావలసింది ఏదీ మిగల్లేదు.

ఇలా ఉండగా యాదన్న వచ్చాడు. ఒకప్పుడు ఫ్యాక్టరీలో పనిచేసి, చేతులు మచ్చలు పడి పుండ్లయ్యాక గేటు బయట పడ్డ మనిషి. ఇప్పుడు ఊళ్లు పట్టుకుని తిరుగుతూ కాలుష్యం మీద కొట్లాడుతుంటాడు. పిల్ల సంగతి విని గోదాముకే వెతుక్కుంటూ వచ్చాడు.

"అక్కా, ఖాళీ డ్రమ్ము గేటు దాటకముందే దానికి బొక్క కొట్టాలె. మల్ల ఎవ్వలు ఇండ్లల్ల వాడకుండ. గది రూలు. కొట్టకపోతే ఓనరుకు జైలే."

ముత్యమ్మ తెల్లబోయింది. ఆమె తల దూర్చిన డ్రమ్ములకు లెక్కే లేదు, ఒక్కదానికీ చిల్లు చూడలేదు. "బొక్క కొడితే నీళ్లెట్ల నిలుస్తయి యాదన్నా?"

"నిలవొద్దనే గదక్కా కొట్టేది."

ఆ మాట ఆమె తలకెక్కడానికి కాస్త సమయం పట్టింది. ఎక్కాక కడిగిన డ్రమ్ముల మధ్యే కూలబడింది.

"ఇప్పుడు చట్టం మారుస్తున్నరు" అన్నాడు యాదన్న పక్కన గొంతుక్కూర్చుని. "కొత్త దాంట్ల బొక్క లేదు, జైలు లేదు. గేటు దాటినంక ఫ్యాక్టరీకి సంబంధమే లేదట. ఆఖరుకు ఎవ్వలు కడిగిండ్రో, మంచిగున్నదని ఎవ్వలు ఇచ్చిండ్రో, తప్పు వాళ్లదట. దిల్లీ నుంచి కమిటీ వస్తున్నది, జనం మాట ఇంటరట. నువ్వొచ్చి చెప్పాలె. బొక్క కొట్టే రూలు తీయకుండ్రి, ఇంక గట్టిగ చేయుండ్రి అని."

"ధనలక్ష్మి వస్తదా?"

"నేను తోలుకొస్తా."

దేశానికి ఏ చట్టం వస్తుందో, ఏది పోతుందో ముత్యమ్మకు పట్టలేదు. దిల్లీ పెద్దమనిషి మైకులో తప్పెవరిదో చెబుతాడు. ఫ్యాక్టరీది అంటాడు. కూతురు చెవులారా వింటుంది. ఆమె ఆశంతా ఆ మైకు మీదే.

కమిటీ వచ్చే ముందు సూర్యారావు కారు గోదాం ముందు ఆగింది. రాంచందర్ సేటు ఉరుక్కుంటూ కుర్చీ తెచ్చి వేశాడు. సూర్యారావు కూర్చోలేదు. బూడిద చేతులతో నిలబడ్డ ముత్యమ్మ దగ్గరికే వచ్చాడు. పిల్ల పోయాక సేటు ఆమెను వాసన చూసే పని మాన్పించి కడిగేవాళ్లలో కలిపేశాడు.

"అమ్మా, మా మీద మీకు కోపం ఉంటుంది. ఉండాలి కూడా" అన్నాడు సూర్యారావు. "రావద్దని చెప్పడానికి రాలేదు నేను. తప్పకుండా రండి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. కానీ ఏదో ఆషామాషీగా కడిగి ఇచ్చారని ఎవరైనా అంటే మీకే కదా చెడ్డపేరు? మీరు ఎంత జాగ్రత్తగా చూస్తారో, మీ ముక్కు ఎలాంటిదో కమిటీకి చెప్పండి. ఇంత పేరున్న మనిషి మీరు."

తన ముక్కు గురించి మంచి మాట విని ఆమెకు చాలా కాలమైంది. "చెప్తా సార్. నా ముక్కు ఎన్నడు తప్పలే" అంది. కళ్లు చెమర్చాయి కూడా. సూర్యారావు నవ్వలేదు. ఎంతో మర్యాదగా చేతులు జోడించి కారెక్కాడు. ఇలాంటివాళ్ల మర్యాద చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మొహం మీద తిట్టేవాడే నయం.

కమిటీ కోసం హైవే పక్కన ఫంక్షన్ హాలు తీసుకున్నారు. వేదిక వెనక, నిన్నటి పెళ్లివాళ్ల పేర్లు థర్మోకోలు అక్షరాల్లో అలాగే ఉన్నాయి. ముందు వరుసలన్నీ ఫ్యాక్టరీ బస్సుల్లో దిగినవాళ్లతో నిండిపోయాయి. హాలు వెనక డేగిశాల్లో బిర్యానీ ఉడుకుతోంది. కమిటీ పెద్దాయన రిటైరైన అధికారి, దిల్లీలో స్థిరపడ్డ తెలుగువాడు. ఇన్ని ఊళ్లు తిరిగి అలసిపోయిన మొహంతో, మాటిమాటికీ నీళ్లు తాగుతున్నాడు. ఆయనవి సీలు వేసిన సీసా నీళ్లు. యాదన్న అన్న మాట ప్రకారం ధనలక్ష్మిని తీసుకొచ్చి, పక్కగా ఒక కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆమె తల వంచుకునే కూర్చుంది.

పేరు పిలవగానే ముత్యమ్మ వేదికెక్కింది. చెప్పాల్సింది చెప్పింది. డ్రమ్ములు ఎక్కడి నుంచి వస్తాయో, ఎలా కడుగుతారో చెప్పింది. ఒక్క డ్రమ్ముకూ చిల్లు లేదని చెప్పింది. మనవరాలి పేరు చెప్పేటప్పుడు మాత్రం ఆగిపోయి, కొంగుతో మూతి తుడుచుకుంది. పెద్దాయన పాపం అన్నట్టు తల పంకించాడు. అప్పుడు సూర్యారావు లేచి, రెండు మూడు ప్రశ్నలు అడగనివ్వమన్నాడు.

"డ్రమ్ము బాగుందో లేదో ఎలా తేలుస్తారమ్మా?"

"ముక్కుతోని."

"ఎప్పుడైనా పొరపాటు పడ్డారా?"

"ఎన్నడు పడలే సార్."

"మీ మనవరాలికి ఇచ్చిన డ్రమ్ము కూడా చూశారా?"

"నేనే సూసిన" అంది ముత్యమ్మ. మైకుకు ఇంకాస్త దగ్గరికి జరిగింది. "నేనే కడిగిన, నేనే సూసిన. ఏం వాసన లేకుండె. గందుకే చెప్తున్న సార్, విషం కడిగితే పోయేది కాదు, ముక్కుకు దొరికేది కాదు. బొక్క కొట్టాల్సిందే."

పెద్దాయన రాస్తున్న కలం ఆపి ఆమెను పరీక్షగా చూశాడు. పక్కనున్న కమిటీ ఆవిడ కూడా ముందుకు వంగింది. యాదన్న కళ్లు మెరిశాయి. ధనలక్ష్మి మొదటిసారి తలెత్తి తల్లి వైపు చూసింది. ఆ చూపు ముత్యమ్మకు తగిలింది. పిల్ల పోయినప్పటి నుంచి ఆమె ఎదురు చూస్తున్న చూపది. ఇంకొక్క క్షణం అలా గడిచి ఉంటే ఎంత బాగుండేది.

"చాలా బాగా చెప్పారు" అన్నాడు సూర్యారావు. "సార్, మీరు అనుమతిస్తే ఒక చిన్న పరీక్ష. అమ్మ ముక్కు అంత నమ్మకమైనదైతే తప్పు కడిగినవాళ్లదన్న మా వాదన వెనక్కి తీసుకుంటాం."

పెద్దాయనకు ఇది సరదాగా అనిపించింది. ఊళ్లన్నీ తిరిగినా ఇలాంటిది ఎక్కడా చూడలేదు. సరేనన్నాడు. మూతలు పెట్టిన మూడు గాజు గ్లాసులు బల్ల మీదికి వచ్చాయి. మూడింట్లోనూ తేటగా నీళ్లలాంటివే ఉన్నాయి. సూర్యారావు మూతలు ఒక్కొక్కటిగా తీశాడు.

ముత్యమ్మ కొంగు నడుముకు చుట్టింది. వంగి, మొదటి గ్లాసు మీద గట్టిగా ఊపిరి పీల్చింది. "మంచినీళ్లు" అంది. రెండోదాని మీద వంగింది. "ఇయ్యి గూడ మంచినీళ్లే." మూడోదాని దగ్గర ఎక్కువసేపు ఆగింది. కళ్లు మూసుకుని మళ్లీ పీల్చింది. తనను బోల్తా కొట్టించాలని మూడింట్లోనూ ఒకటే పోసి తెచ్చారని ఆమెకు అర్థమైపోయింది. నవ్వుతూ తలెత్తింది.

"ఏం లేదు సార్. మూడు మంచినీళ్లే."

ముందు వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు, ఆ వెంట వరుసకు వరుసే నవ్వింది. ఎందుకు నవ్వుతున్నారో తెలియక ముత్యమ్మ కూడా నవ్వింది. పెద్దాయన మూడో గ్లాసుకు దూరంగా కుర్చీ జరుపుకుని జేబురుమాలు ముక్కుకు పెట్టుకున్నాడు. కమిటీ ఆవిడ మొహం పక్కకు తిప్పుకుంది. ముందు వరుసల్లో చేతులన్నీ ముక్కుల మీదే ఉన్నాయి.

ముత్యమ్మ కూతురి వైపు చూసింది. ధనలక్ష్మి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఉంది. పప్పు మాడిన రోజు గుమ్మంలో నిలబడి పెట్టుకున్నట్టే పెట్టుకుంది. అప్పుడు తెలిసింది ముత్యమ్మకు. మాడిన పప్పు, సీసా పట్టిన డాక్టరు, వరుసపెట్టి శుభ్రంగా అనిపించిన డ్రమ్ములు, "కంపు" అన్న మనవరాలు, అన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. నవ్వు ఆమె మొహం మీద అలాగే ఉండిపోయింది. దాన్ని ఎలా తీసేయాలో తెలియలేదు.

"మూడో గ్లాసులో సగం స్పిరిట్ ఉంది సార్" అన్నాడు సూర్యారావు మెల్లగా, బాధపడుతున్నట్టు. "ఆస్పత్రిలో వాడేదే."

ఆ మాట ధనలక్ష్మికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ వాసనలో కూర్చునే ఆమె కూతుర్ని పోగొట్టుకుంది.

యాదన్న కుర్చీని వెనక్కి తన్ని లేచాడు. "ఆమె ముక్కు సంపింది వాళ్ల డ్రమ్ములే సార్! ఆమెకు వాసన తెల్వదని ఈయనకెట్ల ఎరుక? ముంగటనే ఎరుక లేకుంటే గ్లాసులెట్ల తెస్తడు? అడుగుండ్రి!"

ఆ రోజు ఆ హాల్లో ఎవరైనా అడిగిన సరైన ప్రశ్న అదొక్కటే. పెద్దాయన గడియారం చూసుకున్నాడు. "అది ఆరోగ్య శాఖ చూడాల్సిన విషయం బాబూ. వాళ్లకు అర్జీ పెట్టుకోండి" అన్నాడు. ఇద్దరు వచ్చి యాదన్నను భుజాలు పట్టుకుని బయటికి నడిపించారు.

పెద్దాయన మైకు దగ్గరికి లాక్కున్నాడు. "ఈ అమ్మ బాధ మాకు అర్థమైంది. ఆమె చెప్పిన విషయం మాకు ఎంతో ఉపయోగపడింది. గేటు దాటాక డ్రమ్ములు ఎలాంటి చేతుల్లో పడుతున్నాయో ఇవాళ కళ్లారా చూశాం. ఆఖరున శుభ్రం చేసి ఇచ్చినవారిదే బాధ్యత అన్న కొత్త నిబంధనను మార్చాల్సిన అవసరం నాకైతే కనిపించడం లేదు" అన్నాడు. చప్పట్లు మోగాయి. దిల్లీ పెద్దమనిషి తప్పెవరిదో మైకులోనే చెప్పాడు. ధనలక్ష్మి చెవులారా విన్నది.

భోజనాలని ఎవరో అన్నారు. కుర్చీలు చప్పుడయ్యాయి, జనం డేగిశాల వైపు కదిలారు. "అమ్మకు పార్సిల్ కట్టించండి" అని చెప్పి సూర్యారావు కమిటీ వెంట వెళ్లాడు. ముత్యమ్మ బల్ల దగ్గరే ఉండిపోయింది. నడుముకు చుట్టిన కొంగు కూడా విప్పలేదు.

ధనలక్ష్మి మెట్లెక్కి వేదిక మీదికి వచ్చింది.

"బిడ్డా, నాకు తెల్వదు" అంది ముత్యమ్మ. "నీ మీదొట్టు, తెల్వదు. డ్రమ్ములే సాఫ్ అయితున్నయనుకున్న."

ధనలక్ష్మి మూడు గ్లాసుల మీదా వంగి, ఒక్కొక్కటే వాసన చూసింది. మూడోది తీసి తల్లి ముందుకు చాపింది.

"తాగమ్మా" అంది. "మంచినీళ్లే గద."

అమ్మా అని పిలిచింది. ఆ పిలుపు కోసం ముత్యమ్మ ఎన్ని దేవుళ్లకు మొక్కిందో. రెండు చేతులూ చాపి గ్లాసు అందుకుంది. అందులో ఏముందో ఆమెకు ఇప్పుడు తెలుసు. కూతురు ఆనాడు పారబోసినట్టు తనూ పారబోయవచ్చు. కానీ ధనలక్ష్మి అలాగే చూస్తూ నిలబడి ఉంది. ముత్యమ్మ మొహం చిట్లించకుండా, మధ్యలో ఆగకుండా తాగింది. గొంతులోంచి కడుపు దాకా మంట పాకింది, కళ్లూ ముక్కూ కారాయి. గ్లాసు అడుగు కనిపించేదాకా చూసి, ధనలక్ష్మి మెట్లు దిగి, డేగిశాల దగ్గర మూగిన జనాన్ని తప్పించుకుని వెళ్లిపోయింది.

ముత్యమ్మ ఖాళీ గ్లాసును, అలవాటు కొద్దీ, ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా ఊపిరి పీల్చింది. ఏ వాసనా రాలేదు.